కూర్మారావు కారప్పొడి

మధ్యాహ్నం దమయంతి నడుముకున్న శోధపట్టీ చిన్నగా మోగి, ఆ పూటకి రక్తం శుభ్రమైందని చెప్పింది. ఉద్దానంలో ఇప్పుడు డయాలసిస్ కేంద్రాలు లేవు. పక్క మంచాలవాళ్ళతో కబుర్లూ లేవు. ఎవరి పట్టీ వారిది, ఎవరి ఇల్లు వారిది.

ఒక్క దురద మాత్రం ఆ పట్టీకి లొంగలేదు. వీపు గోడకేసి రుద్దుకుంటే సున్నమంతా రవికకే అంటేది. ఈమధ్యనే ఆమె భుజానికి ఖనిజబిళ్ళ అతికించారు. ఒంట్లో జింకు ఎంత తగ్గితే అంతా చర్మంలోంచి అందిస్తుందది. దురద పోయింది.

అన్నం పెట్టుకుని, ఫ్రిజ్ లోంచి మొగుడు కూర్మారావు చేసిన వెల్లుల్లి కారప్పొడి సీసా తీసింది. ఆయన పోయాక పారేయడానికి చేతులు రాక దాచింది గానీ ఇష్టమై కాదు. ఆమెకి ఉప్పు కూడదని పదేళ్ళు ఆయనే విడిగా వండిపెట్టాడు. పదేళ్ళూ ఆమె "మట్టి" అంటూనే తింది. అప్పట్లో డయాలసిస్ కేంద్రంలో అందరికీ చెప్పి నవ్వించింది. ఆయనా నవ్వేవాడు, మర్నాడు మళ్ళీ కొత్తగా వేయించేవాడు.

సీసా అడుగున మిగిలిన పొడి ఒక్క ముద్దకే వచ్చింది, కలిపి నోట్లో పెట్టుకుంది. ఆగిపోయింది. దోరగా వేగిన వెల్లుల్లి, జీలకర్ర, ఉప్పు లేని లోటు కప్పడానికి వేసిన ధనియాలు. ఎంత బాగుందో!

గోడతెర మీద ఆరోగ్య కార్యకర్త లోలాక్షిని పిలిచింది.

"పాత పొడికి రుచి ఎలగొస్తాదే?"

"పొడికి కాదు పిన్నీ, నీ నాలిక్కి వొచ్చినాది. జింకు తగ్గితే రుచి తెలీదు. బిళ్ళ ఏసినాక శానామందికి ఇలగే వొస్తంది. మంచిదే కదేటి?"

"మంచిదే," అంది దమయంతి. తెర ఆరిపోయింది.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తన నాలుక లోపానికి ఇన్నాళ్ళూ ఆయన చేతికి వంకలు పెట్టింది. ఆఖరిసారి తను ఆసుపత్రికి వెళ్ళే ముందు రోజు కూడా ఆయన గరిట పట్టుకుని అడిగాడు, "ఈపాలైనా బాగుందేటి?" అని. "ఎప్పట్లాగే ఉంది" అంది తను. ఇప్పుడు సిగ్గూ ఏడుపూ కలిసి ముంచుకొచ్చాయి.

భుజం మీది బిళ్ళ రోజూలాగే పలకరించింది. "దురద ఉందా?"

"లేదు."

"మరేదైనా బాధ?"

ఎదురుగా ఆయన కూర్చునే ఖాళీ పీట. "బాగుంది బావా," అంది ఆమె దాన్నే చూస్తూ. "శానా బాగుంది."

బాధ లేదని నమోదు చేసుకుని బిళ్ళ ఊరుకుంది.

మెచ్చుకుంటూ ఇంకొక్క ముద్ద తిందామని దమయంతి సీసా బోర్లించి తట్టింది. ఏమీ రాలలేదు.