ఆరువందల నలభై ఇళ్ళు

పాలకొండ గ్రంథాలయంలో గోడబొమ్మల ప్రతులు చూసే అధికారి తవిటినాయుడు ఆ ఉదయం మూడో దోషనివేదిక తెరిచాడు. టెక్కలి గ్రంథాలయం గోడమీది బొమ్మలో కుండ ఎత్తుకున్న ఆడమనిషి లేదు. ఇల్లుంది, నెమలుంది. ఆమె నిలబడ్డ చోట ఉత్త ఎర్రమట్టి రంగు. ప్రతిని మళ్ళీ పంపాడు. ఆమె రాలేదు.

అనుమానమొచ్చి అన్ని గోడలనూ ఒకే ఫలకం మీదికి రప్పించాడు. కొన్నాళ్ళు ఇక్కడే ఉండి బొమ్మలు వేసే నివాసకళాకారిణి సవర సుక్కమ్మ, గీతల్ని పట్టి పంపే ఇక్కడి గ్రహణగోడ మీద బియ్యప్పిండితో గీత పెడితే, అదే క్షణాన ఆరువందల నలభై గ్రంథాలయాల్లో అదే గీత లేస్తుంది. ఇప్పుడు అన్నిటిలోనూ ఇల్లుంది. ఆడమనిషి మాత్రం ఇక్కడి గోడమీదా లేదు, ఒక్క మందసలోనే ఉంది. చూస్తుండగానే అక్కడ మాయమై సోంపేటలో కనిపించింది.

తవిటినాయుడు సోంపేట గోడను పెద్దది చేసేలోపే అక్కడినుంచీ పోయింది.

సుక్కమ్మ ఆకులో అన్నం పట్టుకొచ్చి గోడ ముందు పెట్టింది. "ఏటి బాబూ, ముకం అలా ఎలిసిపోనాదేటి?"

అతను ఫలకం చూపించాడు. ఆమె వంగి ఒక్కో గోడే చూసింది.

"ఇయ్యన్నీ ఎవులు కట్టినారు?"

"నీ బొమ్మేనమ్మా. అందరికీ సూపించమని నువ్వే వేలిముద్ర ఏసినావు కదా."

"సూపించమన్నాను. కట్టమన్నానేటి?" ఆమె ఫలకం వైపు వేలు చూపించింది. "అది బొమ్మ కాదు బాబూ, సచ్చిపోయిన మా అమ్మకి ఇల్లు. ఇక్కడున్నన్నాళ్ళూ నాకు తోడుంటాదని ఏసినాను. ఇన్ని కట్టీసినారు. ఏది తనదో తెలక తిరుగుతోంది. కూడేమో ఇక్కడుంది."

ప్రతులను తీసేసే ఆజ్ఞ వ్యవస్థలో లేదు. ఈ గోడమీది మూలం చెరిగితేనే అవి చెరుగుతాయి. చెరిపిన అధికారి ముద్ర ఆ రోజే రద్దవుతుంది, ఉద్యోగం పోతుంది. తవిటినాయుడి ఇంట్లో ముద్ర ఉన్న ఉద్యోగం చూసినవాడు అతనొక్కడే.

"ఇది తుడిసేస్తే మీ అమ్మ ఎక్కడికెల్తాది?"

"మా ఇంటికి. కొత్తగా ఏసుకుంటాను. అక్కడి గోడకి సెవుల్లేవు. అయితే అమ్మ ఇల్లు నా సేత్తో ఎలా తుడిసీది?"

తవిటినాయుడు చొక్కా చేతులు మడిచి, గోడ అలికే ఎర్రమట్టి బాల్చీలో గుడ్డ ముంచాడు. మొదటి పట్టుకే నెమలి పోయింది. ఫలకం మీద ఆరువందల నలభై నెమళ్ళూ పోయాయి.

"మూలానికి హాని జరుగుతోంది. కారణం చెప్పండి," అంది గోడ, వ్యవస్థ గొంతుతో.

"ఇల్లు కాళీ సేస్తన్నారు."

"ఆ కారణం జాబితాలో లేదు."

"రాసుకో."

గోడ రాసుకుంది. "కొత్త చిరునామా?"

"సెప్పకు బాబూ," అంది సుక్కమ్మ మెల్లిగా.

తవిటినాయుడు గుడ్డ మళ్ళీ ముంచాడు.