వాన కారిన గది

శనివారం మధ్యాహ్నం బడి నుంచి వచ్చేసరికి ప్రిస్కిల్లాకు తన మంచం కనబడలేదు.

మంచమే కాదు, హాల్లో టీవీ పక్కన ఎప్పుడూ ఉండే బట్టల కుప్ప లేదు. గోడకు తగిలించిన పాత క్యాలెండర్లు లేవు. వరండాలో చెప్పులు వరుసగా, జతలు జతలుగా ఉన్నాయి. తప్పుగా వేరే ఇంట్లోకి వచ్చానేమో అనుకుంది ఒక్క క్షణం.

"నాయనా!"

"ఈడుండా. సూసుకోని రా, నేలంతా పుట్టీ పడిండాది."

నాన్న పేరు సాల్మన్ రాజు. వాళ్ళుండే పుంగనూరులోనే పాల డెయిరీలో పని చేస్తాడు. ఇప్పుడు ఆమె మంచం పెరట్లో వేసి, పడకగదిలో స్టూలెక్కి నిలబడ్డాడు. వాన పడినప్పుడల్లా నీళ్ళు కారే మూల అది. అక్కడ కాఫీ ఒలికినట్టు పెద్ద మరక ఉండేది. నాన్న రేకుతో పుట్టీ పూస్తుంటే మరక కొంచెం కొంచెంగా మాయమైపోతోంది.

"రేపు చర్చి అయినాక ఇల్లు సూసేదానికి వస్తాండారు. కృష్ణప్ప అని, బస్టాండు దగ్గర సైకిల్ షాపాయన. ఆయన, ఆయన భార్య," అన్నాడు నాన్న. "వాళ్ళొచ్చినప్పుడు నువ్వేం మాట్లాడాకు. ఏమడిగినా నేను సెప్తా."

"యాల మాట్లాడకూడదు?"

"సెప్పినాను కదమ్మా. ఆ చీపురిట్ల ఇయ్యి."

ప్రిస్కిల్లా చీపురు ఇచ్చింది. ఇల్లు ఎందుకు అమ్ముతున్నారో ఆమెకు తెలుసు. అమ్మ దయామణి కుప్పంలో ఆస్పత్రి నర్సు. ఉద్యోగం వచ్చినప్పటి నుంచి అక్కడ హాస్టల్లో ఉంటోంది. సెలవు దొరికిన ఆదివారం బస్సెక్కి వస్తుంది, సాయంత్రానికే వెళ్ళిపోతుంది. ఈ ఇల్లు అమ్ముడుపోతే కుప్పంలో ఇంకో ఇల్లు కొనుక్కుని ముగ్గురూ ఒకచోట ఉండొచ్చు. అంతవరకు బాగానే అర్థమైంది. మాట్లాడకూడదన్నదే అర్థం కాలేదు.

సాయంత్రం పక్కింటి హరితతో ఆ సంగతి చెప్పింది.

"మా మామ స్థలాలు అమ్మిస్తాడు," అంది హరిత. "ఇల్లు అమ్మేటోళ్ళు పాడైపోయినదాని మీద రంగేసి దాచేస్తారంట."

"మా నాయన అట్ల చేయడు."

"మరి నిన్ను యాల మాట్లాడాకు అన్నాడు?"

ప్రిస్కిల్లా తమ ఇంటి వైపు చూసింది. ఇంటికి పోయి నాన్ననే అడగొచ్చు. కానీ హరిత చెప్పిందే నిజమైతే? అడగాలంటే భయమేసింది.

మరునాడు చర్చిలో నాన్న అందరికంటే గట్టిగా పాట పాడాడు. ప్రిస్కిల్లా వెనక్కి తిరిగి తిరిగి ఆయన్నే చూసింది. ఇంత బాగా పాడే నాన్న అబద్ధం ఆడతాడా? ఆడడు. మరి ఆ పుట్టీ?

ఇంటికొచ్చిన కాసేపటికే కృష్ణప్ప, ఆయన భార్య కౌసల్య వచ్చారు. నాన్న వంటిల్లు చూపించాడు, పెరడు చూపించాడు. చివరికి పడకగదికి వచ్చారు. గోడలు తెల్లగా మెరిసిపోతున్నాయి.

"ఈ గది మా అత్తమ్మకు సరిపోతాది," అంది కౌసల్య. "ఆమెకు ఆయాసమన్నా. ఇప్పుడుండే బాడుగింట్లో గోడలన్నీ తేమ. వానాకాలమొస్తే పాపం ఊపిరాడదు."

ప్రిస్కిల్లా నాన్న ముఖంలోకి చూసింది. నాన్న గొంతు సవరించుకున్నాడు. ఏదో చెప్పబోతున్నాడో, మానుకుంటున్నాడో తెలియలేదు.

ఆయాసంతో ఒక ముసలమ్మ ఈ మూలన పడుకున్నట్టు, పైనుంచి చుక్కలు చుక్కలుగా నీళ్ళు కారుతున్నట్టు ప్రిస్కిల్లా కళ్ళకు కట్టింది. ఇక ఆగలేకపోయింది.

"ఈ మూల వాన కారతాది ఆంటీ! మా నాయన నిన్ననే పుట్టీ పెట్టి దాచినాడు."

కౌసల్య తలెత్తి ఆ మూల వైపు చూసింది.

"అట్లా కాదన్నా," అన్నాడు నాన్న తడబడుతూ. "ముందు కారేది నిజమే. పైన మిద్దె మీద..."

"పర్వాలేదన్నా," అన్నాడు కృష్ణప్ప. ఆయన గొంతు మారిపోయింది. "మేము ఆలోచించుకోని సెప్తాం."

వాళ్ళ స్కూటర్ వీధి మలుపు తిరిగేదాకా నాన్న గేటు పట్టుకుని నిలబడ్డాడు. ఇప్పుడు తిడతాడు అనుకుంది ప్రిస్కిల్లా. తిట్టలేదు. బకెట్ నిండా నీళ్ళు పట్టాడు.

"రా, పైకి పోదాం."

మిద్దె మీద ఆమెకు ఇదివరకు కనబడే పగుళ్ళు లేవు. నేలంతా నున్నగా, కొత్త సిమెంటు రంగులో ఉంది. నాన్న బకెట్ ఒంపాడు. నీళ్ళు ఎక్కడా నిలవకుండా గొట్టం వైపు పరుగెత్తాయి.

"దసరా సెలవుల్లో నువ్వు అమ్మ దగ్గరికి కుప్పం పోయినావు కదా. అప్పుడు మేస్త్రీని పిలిచి మిద్దెంతా మళ్ళీ వేయించినా. కింద గోడ బాగా ఆరాలని ఇన్నాళ్ళు ఆగి, నిన్న పుట్టీ పెట్టినా. ఆ తర్వాత వాన రాలేదు కదా, నీకు తెలీలేదు."

ప్రిస్కిల్లా కిందికి పరుగెత్తి మూల తడిమింది. పొడిగా ఉంది. మళ్ళీ పైకి వచ్చింది. ఇప్పుడు ఆమెకు ఇంకా తికమకగా ఉంది. తాను చెప్పింది నిజమే. కానీ నిజం కాదు కూడా. అదెలా?

"మరి నన్ను యాల మాట్లాడాకు అన్నావు నాయనా?"

"పోయినసారి ఒకాయన ఇల్లు సూసేదానికి వస్తే ఏం చేసినావు? పెరట్లో తేలు కనబడిందని, దాన్ని చెప్పుతో ఎట్లా కొట్టినామో మొత్తం సెప్పినావు. ఆయన కాళ్ళు పైకెత్తుకోని కూర్చున్నాడు."

ప్రిస్కిల్లాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది.

"ఈ మూల కారేదని నువ్వు వాళ్ళకు సెప్పేవాడివా?"

"అడిగితే సెప్పేవాణ్ణి."

"అడగకపోతే?"

నాన్న ఖాళీ బకెట్ బోర్లించాడు. "బాగు చేయించినా కదా, ఇంక సెప్పేదేముందిలే అనుకున్నా," అన్నాడు చివరికి. "ముందే సెప్పుండాల్సింది. నీకూ సెప్పుండాల్సింది."

అంతలో అమ్మ ఫోన్ చేసింది. ఇల్లు నచ్చిందన్నారా అని అడిగింది. "సూసినారు. ఆలోచించుకోని సెప్తామన్నారు," అన్నాడు నాన్న. ప్రిస్కిల్లా పేరు ఎత్తలేదు. అవతల అమ్మ "ఈసారీ అంతేనా?" అనడం ప్రిస్కిల్లాకు వినబడింది.

ఫోన్ పెట్టగానే నాన్న చొక్కా పట్టుకుంది. "నాయనా, సైకిల్ షాపుకు పోదాం రా. నేనే సెప్తా."

ఆదివారమైనా షాపు తెరిచే ఉంది. కృష్ణప్ప ఒక చక్రానికి గాలి కొడుతున్నాడు. దారి పొడవునా కూర్చుకున్న మాటలు ప్రిస్కిల్లాకు ఒక్కటీ గుర్తు రాలేదు.

"అంకుల్, నాకు సగమే తెలుసు," అంది. "కారేదని తెలుసు. మా నాయన మిద్దె మళ్ళీ వేయించినాడని తెలీదు. ఆయన్ని అడక్కుండానే, దాచినాడని సెప్పేసినా."

కృష్ణప్ప పంపు పక్కన పెట్టి నాన్న వైపు చూశాడు.

"తప్పు నాదీ ఉండాదన్నా," అన్నాడు నాన్న. "ఆ మూల కారేదని నేనే ముందు సెప్పాల్సింది. కావాలంటే మేస్త్రీతో మాట్లాడు. నీళ్ళు పోసి సూడు."

కృష్ణప్ప చేతులు తుడుచుకున్నాడు. "బకెట్ నీళ్ళు కాదన్నా. మంచి వాన పడనీ. ఆ రోజు వస్తాం."

ఆ తర్వాత వాన కోసం ప్రిస్కిల్లా చూసినంతగా ఊళ్ళో రైతులు కూడా చూసి ఉండరు. మబ్బులు వచ్చేవి, పోయేవి. వాన పడాలని ఉండేది. పడితే, నిజంగానే కారితే? అప్పుడు పడకూడదని ఉండేది.

గురువారం పొద్దున మొదలైన వాన సాయంత్రమైనా వదల్లేదు. కృష్ణప్ప, కౌసల్య ఒకే గొడుగు కింద సగం సగం తడిసి వచ్చారు. కృష్ణప్ప స్టూలెక్కి మూలంతా అరచేత్తో తడిమాడు. గోడకు చెంప ఆనించి కూడా చూశాడు.

"పొడిగానే ఉండాది," అన్నాడు భార్యతో. "అమ్మను ఈడ పండుకోబెట్టొచ్చు."

నాన్న గట్టిగా ఊపిరి వదిలాడు. కౌసల్య ప్రిస్కిల్లా పక్కకు వచ్చి వంగింది.

"ఇంకేమన్నా ఉండాదా పాపా, మాకు తెలియాల్సింది?"

ప్రిస్కిల్లా నోరు తెరిచింది. వంటింటి కిటికీ గుర్తొచ్చింది. గాలి వీస్తే దాని రెక్క తెరుచుకుని జల్లు లోపలికి కొడుతుంది. చెప్పబోయి, ఆగి, నాన్న వైపు తిరిగింది.

"నాయనా, వంటింటి కిటికీ గొళ్ళెం బాగు చేయించినావా, లేదా?"

నాన్న నెత్తి గోక్కున్నాడు. "లేదమ్మా. అది ఇంకా అట్లే ఉండాది."

"అయితే రాండి ఆంటీ, సూపిస్తా," అంటూ ప్రిస్కిల్లా కౌసల్య చెయ్యి పట్టుకుంది. గడప దాటబోతూ వెనక్కి తిరిగి పిలిచింది.

"నువ్వూ రా నాయనా. నాకు తెలియనివి నువ్వు సెప్పాల."