పూల గోదాంల సప్పుడు

ఎంకపల్లి పోయే తొవ్వల, గులాబీ తోటలు అయిపోయిన కాడ, రోడ్డు పక్కనే రేకుల గోదాం ఒకటి ఉన్నది. పొద్దుగూకినంక ఆ దిక్కు ఎవ్వలు పోరు. పోక తప్పనోళ్లు హారన్ కొట్టుకుంట, పక్కకు చూడకుంట బండి ఉరికిస్తరు.

ఎందుకంటె... లోపటి నుంచి తలుపు కొడ్తరు.

ఎవ్వలు కొడ్తరని అడిగితె అందరిదీ ఒక్కటే మాట — శాంతమ్మ. గులాబీలు కట్టలు కట్టే కూలి మనిషి. నాలుగేండ్ల కింద ఒకనాడు చీకటి పడే యాళ్లకు డబ్బాలు సర్దనీకి కోల్డ్ రూంలకు పోయింది. ఎనుక తలుపు పడ్డది. తెల్లారి తీసేసరికి తలుపు కిందనే ముడుచుకొని ఉన్నది... కట్టె తీరు బిగుసుకపోయి.

పూల యాపారం బంద్ పడ్డది. గోదాం మూతపడ్డది. ఈ ఎండకాలం నుంచి సప్పుడు మొదలైంది. ఠప్... ఠప్... ఆ ఎనుక బుస్సుమని, ఎవ్వలో ఊపిరి ఇడిసినట్టు. తలుపు సందుల నుంచి కుళ్లిన గుడ్డు వాసన.

ఈ ముచ్చట ఇన్నప్పుడల్ల అరుణజ్యోతికి ఒళ్లు మండేది. ఎందుకంటె ఇప్పుడు ఆ గోదాంల ఉన్నది ఆమె మట్టి.

జ్యోతిది ముడిమ్యాల. పట్నంల సైంటిస్టు. దక్షిణ ధ్రువం కాడ, మంచుకొండలు తేలే సముద్రంల, అడుగుకు పొడుగు గొట్టాలు దింపి మట్టి తీస్తరు. ఆ మట్టి పొరలు పొరలుగ వస్తది. ఒక పొరల గులకరాళ్లుంటయ్ — మంచుగడ్డలు మోసుకొచ్చి, కరిగి, జారవిడిచినవి. ఇంకో పొరల కంటికి ఆనని నాచు పెంకులు — అప్పుడక్కడ మంచు లేదు, నీళ్ల మీద ఎండ పడ్డదని సాక్ష్యం. లక్షల ఏండ్ల కింద ధ్రువం ఎంత ఎచ్చబడ్డది, మంచు ఎంత కరిగింది... ఆ పొరలే చెప్పాలె. రేపు ఎంత కరుగుతదో అంచనా కట్టాలన్నా అవే దిక్కు. ఆ మట్టి కోసం ఆమె నెలల తరబడి ఓడల వాంతులు చేసుకుంట పోయొచ్చింది.

ఈ ఎండకాలంల వాళ్ల ల్యాబుల కోల్డ్ రూం ఖరాబైతే, బాగయ్యే దాంక ఈ గోదాం కిరాయికి తీసుకున్నరు. యజమాని గోవర్ధన్ సేటు. ఒప్పుకున్నది ఒక్కటే: రాత్రీ పగలూ ఒక్క తీరు సల్లగ ఉంచాలె. గాని రోజూ చీకటి పడంగనే లోపట ఎచ్చబడుతున్నదని ఆడ పెట్టిన మీటరు ఆమె ఫోన్‌కు చెప్తున్నది. గొట్టాలల్ల నాచు పొర మీద బూజు పడుతున్నది.

"మిషిన్ మంచిగనే ఉన్నది మేడం. మీ మీటరే ఖరాబు," అంటడు సేటు. ఎన్నిసార్లు అడిగినా అదే.

ఒకనాడు ఇగ ఆగలేకపోయింది. పొద్దుగూకే యాళ్లకు చెప్పకుంట వచ్చింది. స్కూటీ గోడ ఎనుక పెట్టి, తన తాళంచెవితోని షట్టర్ లేపి, కోల్డ్ రూంలకు పోయింది. మిషిన్ నడుస్తున్నది. లైటు ఎలుగుతున్నది. సగానికి సగం గొట్టాలకు మూతలు ఊడి కింద పడి ఉన్నయ్. ఆమెకు కండ్లల్ల నీళ్లు తిరిగినయ్ — దుఃఖం గాదు, కోపం.

ఎనుక తలుపు పడ్డది.

బరువు తలుపు. దానంతట అదే పడ్డది. జ్యోతి పోయి, లోపటి నుంచి తెరుసుకునే బుడిపె ఒత్తింది... అది వదులుగ గిర్రున తిరిగింది. మల్ల ఒత్తింది. మల్ల తిరిగింది. ఫోన్ తీసింది. ఇనుప గోడల నడుమ సిగ్నల్ లేదు.

అప్పుడు అర్థమైంది ఆమెకు. శాంతమ్మ గూడ ఈ బుడిపెనే ఒత్తింది. గిట్లనే తిరిగింది. నాలుగేండ్లయినా ఈ మనిషి దీన్ని బాగు చేయించలే!

"గోవర్ధన్!" అని అరిచి తలుపును తన్నింది.

గంతల లైటు ఆరింది. ఫ్యాన్ల సప్పుడు ఆగింది. ఒక్కసారే... చిమ్మచీకటి.

ఎంతసేపు గడిచిందో. సలికి దౌడలు కొట్టుకుంటున్నయ్. ఫోన్ వెలుతురు సన్నగయ్యింది. అప్పుడు — చెవి పక్కనే —

ఠప్!

బుస్సు...

కుళ్లిన వాసన ముక్కుకు కొట్టింది. అదేందో ఆమెకు తెలుసు. సల్లదనం తగ్గితె మట్టిల ఇరికిన గాలి ఉబ్బి మూతను తంతది. అంతే. తెలిసినా వెంట్రుకలు నిక్కబొడుచుకున్నయ్. ఇంకోటి... ఇంకోటి... తలుపేసిన గదిల ఆ గాలి పీల్చుకుంట ఉంటె మనిషి బతుకదు. అది గూడ తెలుసు.

రెండు చేతులతోని తలుపు బాదింది. బయట రోడ్డు మీద బండి ఆగింది.

"ఇంటున్నవా..."

"శాంతమ్మనే! పా, పా, పా..."

"నేను బతికే ఉన్న!" అని గొంతు చించుకున్నది జ్యోతి. బండి ఉరికింది.

ఇంకో బండి. అది అసలు ఆగనే లేదు.

తలకాయ తిరుగుతున్నది. తలుపుకు ఆనుకొని కింద కూసున్నది. అప్పుడు తలుపు అవతల అడుగుల సప్పుడు... ఆగింది. ఎవ్వలో తలుపుకు మూతి ఆనించి, గుసగుసగ —

"శాంతా... ఇప్పుడు సలి తగ్గిందా? మిషిన్ బంద్ చేసిన."

జ్యోతి మూతిని తలుపు సందుకు ఆనించింది.

"తలుపు... తియ్యి..."

అవతల గొళ్లెం మీద చెయ్యి పడ్డ సప్పుడు. మల్ల అదే గొంతు —

"ఇన్నొద్దులు కొట్టినవ్ గని, ఒక్క మాట మాట్లాడలే. తీస్తె... ఉంటవా?"

గొళ్లెం కదిలింది. గాలి వచ్చింది. జ్యోతి ఆ మనిషి కాళ్ల మీద పడ్డది. వాచ్‌మన్ బీరయ్య. శాంతమ్మ పెనిమిటి.

టార్చ్ ఎలుగుల ఆమె మొకం చూసి, అట్లనే కూలబడ్డడు. "నువ్వా బిడ్డా..."

మిషిన్ రోజూ బంద్ చేసింది ఆయననే, బయటున్న మెయిన్ స్విచ్‌తోని. మొదలు కరెంటు పోయిన ఒక రాత్రి ఆ సప్పుడు ఇని శాంతమ్మ తలుపు కొడ్తున్నదనుకున్నడు, అప్పటి నుంచి సలికని రోజూ బంద్ చేస్తడు. బంద్ చేస్తె మూతలు ఎగిరి ఇంకా గట్టిగ కొడ్తది. ఇంకా సలి పెడ్తున్నదేమోనని తెల్లారే దాంక మిషిన్ పెట్టడు. ఆమె చచ్చిన రాత్రి అవ్వగారింటికి పోయిందేమోనని షాబాద్‌ల ఎతుకుతున్నడంట, పాపం.

జ్యోతి మూతల సంగతి చెప్పింది. బీరయ్య ఇన్నడు.

"అంటె... లోపట ఎవ్వలు లేరా?"

"లేరు కాకా."

ఆయన మీద ఒక్క మాట తూలలేకపోయింది. ఆ కోపమంత ఇంకో దిక్కు మర్రింది. బయటికొచ్చి సేటుకు ఫోన్ చేసింది. "ఇప్పుడే రా. రాకపోతె నేను ఠాణాకు పోతున్న."

సేటు కారు వచ్చేసరికి, బండ్లోళ్లు చెప్పంగ ఊరోళ్లు గూడ టార్చ్‌లు పట్టుకొని జమైన్రు.

"ఏంది మేడం, రాత్రిపూట ఈ లొల్లి? బుడిపె సంగతి మెకానిక్‌కు చెప్పిన, వస్తడు."

"నాలుగేండ్ల నుంచి వస్తున్నడా?"

"అది పాత ముచ్చట. ఆమెకు గుండె జబ్బు."

జ్యోతి తలుపు బార్లా తెరిచింది. "అయితె లోపటికి నడువు సేటు. నేను తలుపేస్త. బుడిపె ఒత్తి నువ్వే బయటికి రా."

టార్చ్‌లన్నీ ఆయన మొకం మీద పడ్డయ్. సేటు తలుపును చూసిండు. బీరయ్యను చూసిండు. ఎనుకకు ఒక అడుగేసిండు.

అప్పుడు గుంపుల నుంచి మంజుల ముందుకొచ్చింది. శాంతమ్మతోని పూలు కట్టిన మనిషి.

"లోపట దెయ్యం ఉన్నదని నువ్వే చెప్పినవ్ గద సేటు."

"శాంతమ్మ చచ్చినంకనా?" అని అడిగింది జ్యోతి.

"కాదు. అంతకు ముందు ఎండకాలం. సల్లగుంటదని మేం లోపట కూసుంటున్నమని, మమ్ముల బెదిరించనీకి. అది పేరు పెట్టి పిలుస్తది, పలికితె పానం పోతదన్నడు."

మంజుల తలుపు దిక్కు చూసింది.

"ఆనాడు... మంజులా, తలుపు తియ్యవే అని పిలిచింది శాంతక్క. చానసేపు పిలిచింది.

నేను పలుకలే."