ముహర్రక్‌లో జడ్జిగారి మేడ

బహ్రెయిన్‌లోని ముహర్రక్ పాత బజారు వెనక సందుల్లో ఒక మేడ ఉంది. పగలు చూస్తే ఏమీ లేదు. పెచ్చులూడిన సున్నపు గోడలు, రంగు వెలిసిన చెక్క కిటికీలు, అంతే. చీకటి పడ్డాక మాత్రం ఆ సందులో ఎవరూ నడవరు. పైఅంతస్తు నుంచి ఏదో నములుతున్న చప్పుడు వస్తుందట. తడితడిగా... తీరుబడిగా... దాంతోపాటే ఒక కంపు.

అక్కడి తెలుగువాళ్ళు దాన్ని జడ్జిగారి మేడ అంటారు.

హేమావతికి ఆ జడ్జిగారు స్వయానా ముత్తాత. ఆవిడ బహ్రెయిన్‌లోనే ఒక స్కూల్లో సోషల్ టీచరు. ముత్తాత భీమరాజు పంతులుగారి కథ వింటూ పెరిగిన మనిషి. ఆయన గోదావరి గట్టున పుట్టాడు, రాజమండ్రిలో వకీలుగా పేరు తెచ్చుకున్నాడు, మద్రాసు శాసనమండలి దాకా వెళ్ళాడు. ఖైదీల్ని కొరడాతో కొట్టే శిక్ష ఎత్తేయాలని తెల్లదొరల మొహం మీదే నిప్పులు చెరిగాడట. "మనిషి వీపు ఏ సర్కారు సొత్తూ కాదు" అన్న ఆయన మాట ఇంట్లో చిన్నపిల్లలకి కూడా నోటికొచ్చు.

తర్వాత దొరలు రావుబహదూర్ బిరుదిచ్చారు. ఆ తర్వాత సముద్రం దాటించి, బహ్రెయిన్‌లో వాళ్ళు పెట్టిన కోర్టుకి జడ్జిగా పంపారు. ఇక్కడే జ్వరమొచ్చి పోయాడు. ఇంట్లోవాళ్ళకి తెలిసింది అంతవరకే.

మొన్న చలికాలంలో తెలుగు సంఘం ప్రెసిడెంటు నాగేంద్రబాబు ఫోన్ చేశాడు.

"మేడమ్, ఈసారి వార్షికోత్సవంలో మీ ముత్తాతగారి పటం పెడుతున్నాం. ఆయన గురించి మీరే మాట్లాడాలి. ఆ మేడ ఫొటో కూడా ఒకటి తీసుకురండి, వచ్చే వారం కూల్చేస్తారట."

స్కూలు అయ్యాక బయల్దేరితే, వంతెన మీద ట్రాఫిక్ దాటి సందు వెతుక్కునేసరికి చీకటి పడిపోయింది. డ్రైవర్ సర్వర్ జగిత్యాల మనిషి. కారు సందు మొగలోనే ఆపేశాడు.

"నేనైతే రాను అమ్మా. ఈడనే ఉంట. మీరు గూడ జల్ది వచ్చెయ్యుండ్రి."

హేమావతి నవ్వి, ఫోను లైటు వేసుకుని నడిచింది.

తలుపు తోస్తే తెరుచుకుంది. లోపల అడుగు పెట్టగానే కంపు కొట్టింది. ఎండిన చేపల వాసనా కాదు, డ్రైనేజీ వాసనా కాదు... పళ్ళు పుచ్చిన నోరు మొహం దగ్గరికొచ్చి తెరుచుకున్నట్టుంది. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. మధ్యలో చిన్న మండువా, అందులో ఒక రాతి స్తంభం. నడుమెత్తున దానికి ఇనపకడియం.

అప్పుడు వినిపించింది.

చప్... చప్... చప్...

కుక్కేమో అనుకుంది. ఎముక కొరుకుతోందేమో. మెట్లెక్కింది. పైన గదిలో ఎవరూ లేరు. మండువాలోకి తెరుచుకునే కిటికీ ఒకటి ఉంది. దాని అంచు నుంచి కిందికి, గోడ పొడుగునా, ఎర్రటి చారలు. కిందికి వంగి చూద్దామని కిటికీ అంచు మీద చెయ్యి వేసింది.

తడి. జిగట. ఇంకా వెచ్చగా ఉంది.

వక్క, సున్నం, ఆకు వాసన. చేతికంటుకుంది తమ్మ! ఎవరో అప్పుడే నమిలి ఉమ్మేసిన తాంబూలం!

చెయ్యి చీర కుచ్చిళ్ళకేసి తుడుచుకుంటోంది. ఆ నమలడం... సరిగ్గా భుజం పక్కన ఆగింది. నోరు నిండా ఉన్నవాడు ముద్దముద్దగా అన్నట్టు ఒక మాట వినపడింది.

"మళ్ళీ..."

ఎలా దిగిందో తెలీదు. సందులోకొచ్చి పక్కింటి గోడ పట్టుకుని భళ్ళున వాంతి చేసుకుంది.

పక్కింటి తలుపు తెరుచుకుంది. ముసలావిడ... పేరు బీబీ మర్యం. తాతల నాటినుంచీ అక్కడే ఉంటున్న బలూచీ కుటుంబం, హిందీ వచ్చు. చెంబుతో నీళ్ళిచ్చి, వీపు నిమిరింది.

"ఆ మాట విన్నావా?" గుసగుసగా అడిగింది. "బయటివాళ్ళకి నమలడమే వినిపిస్తుంది. ఆ గోడ పక్కన పడుకుంటాను గనక నాకు మాట కూడా వినిపిస్తుంది. మల్లీ... మల్లీ..."

"మీకెవరు చెప్పారు ఖాలా, అది—"

"మా నాన్న. పడవ మీద కలాసీ. యజమాని మీద చెయ్యెత్తాడని ఆ స్తంభానికి కట్టారు. జడ్జి కిటికీలో కూర్చుని పాన్ నములుతూ చూశాడు. కొరడాతో కొట్టినవాడు జడ్జి దేశం నుంచి వచ్చిన జవాను. దెబ్బ పడినప్పుడల్లా జడ్జి ఆ మాటే అనేవాడట."

ముసలావిడ కళ్ళు తుడుచుకుంది.

"పాపం, చూడలేక వాళ్ళ దేవుణ్ణి తలుచుకుంటున్నాడని మా నాన్న అనుకున్నాడు. అందుకే ఆయన్ని క్షమించేశాడు. చచ్చేదాకా ఆయన కోసం అల్లాకి దువా చేశాడు. ఇప్పుడు నేను చేస్తున్నాను... బేటీ, నువ్వు ఆ దేశం మనిషివే కదా? మల్లీ అంటే ఏ దేవుడు?"

హేమావతికి నోట్లో నీళ్ళు చేదుగా అయిపోయాయి. అబద్ధం చెప్పొచ్చు. దేవుడి పేరే అంటే సరిపోతుంది.

"దేవుడు కాదు ఖాలా... 'ఫిర్ సే' అని. ఇంకోటి కొట్టమని."

ముసలావిడ మెల్లగా, ఎంగిలి అంటినట్టు, పెదాలు కొంగుతో తుడుచుకుంది.

పైన మళ్ళీ మొదలైంది. చప్... చప్...

హేమావతికి భయం పోయింది. ఒళ్ళంతా అసహ్యం. ఆ నెత్తురేనా తన ఒంట్లో ఉన్నది? ఆ మేడ గుమ్మం ముందుకెళ్ళి నిలబడి, గొంతు చించుకుని తెలుగులో అరిచింది.

"చాలు! ఇంక చాలు! నోరు ముయ్యి!"

నమలడం ఆగిపోయింది.

"మా దువాలకి ఎప్పుడూ ఆగలేదు..." అంది ముసలావిడ వెనకనుంచి.

లోపల మెట్ల మీద చప్పుడు. కిర్రు చెప్పులు. ఒక్కో మెట్టూ... ఆగి ఆగి... దిగి, మండువా దాటి, తలుపు వెనక నిలబడ్డాయి. చెక్క సందుల్లోంచి ఆ కంపు గుప్పుమంది. ఇన్నాళ్ళకి తన భాష చెవిన పడ్డ మనిషి గొంతు... ఎంత ప్రేమగానో అడిగింది.

"ఎవరి పిల్లవమ్మా నువ్వు?"

పెద్దవాళ్ళు అలా అడిగితే చెప్పి తీరడం చిన్నప్పటినుంచీ అలవాటు. హేమావతి పెదాలు వాటంతట అవే విచ్చుకున్నాయి.

ముసలావిడకి తెలుగు రాదు. అయినా అది ప్రశ్న అని, దానికి జవాబివ్వకూడదని ఆవిడకి తెలిసింది. వెనకనుంచి వచ్చి, అరచేత్తో హేమావతి నోరు గట్టిగా మూసేసింది.