విడిగా రాదండీ

మొదట్లో నా చేతిలో ఉన్నవి ఇవి: గుండీలు, జిప్పులు, దారాలు అమ్మే ఒక కొట్టు. తాతయ్య వదిలి వెళ్ళిన పదహారేళ్ళ పాత కారు. ఆ కార్లో ముందు సీటు తప్ప ఇంకెక్కడా కూర్చోనని పట్టుపట్టిన నాన్నమ్మ. గోరంత ప్లాస్టిక్ క్లిప్పు, అదీ రెండు ముక్కలుగా.

ఆ క్లిప్పు విరిగిన రోజునుంచి నాన్నమ్మ వైపు తలుపు తెరుచుకోవడం మానేసింది. లోపలినుంచి రాదు, బయటినుంచీ రాదు. ఆవిడకేమో మోకాలి నొప్పి. వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీకి తీసుకెళ్ళాలి.

"వెనక కూర్చో నాన్నమ్మా."

"వెనక కూర్చోడానికి నేనేమన్నా సామానునట్రా? ఏ కారైనా ముప్ఫై ఏళ్ళు మీ తాత పక్కన కూర్చున్నదాన్ని."

టాక్సీ మాటెత్తితే ఆ పూటకి అసలు నొప్పే లేదంటుంది. కాబట్టి డ్రైవర్ వైపునుంచి ఎక్కి, గేర్ రాడ్ మీదుగా ఒక్కో కాలూ దాటించుకుంటూ తన సీట్లోకి జరిగేది. ఎక్కడానికి పావుగంట, దిగడానికి పావుగంట, మధ్యలో నాకు తిట్లు. ఆస్పత్రిలో తగ్గించుకున్న నొప్పిని కారు దిగేలోపు మళ్ళీ తెచ్చుకునేది.

"ఆ మోకాలు ఇంకోసారి మెలిపడితే ఆపరేషనే," అన్నాడు డాక్టర్.

మర్నాడే స్పేర్ పార్టుల ఆఫీసుకి వెళ్ళాను. కౌంటర్ వెనక నీలం యూనిఫాం కోటు వేసుకున్న అమ్మాయి ఉంది. చెవి మీద పెన్ను, ఎదురుగా కంప్యూటర్. విరిగిన ముక్కలు రెండూ బల్ల మీద పెట్టాను.

"చాసిస్ నంబర్ చెప్పండి."

"ఇంత క్లిప్పుకి చాసిస్ నంబరెందుకండీ?"

"అది లేకపోతే మా సిస్టమ్ తలుపే తియ్యదు సార్."

"మా కారు కూడా అంతే."

ఆమె నవ్వలేదు. బయటికెళ్ళి పదిహేడు అక్షరాలూ అరచేతి మీద రాసుకొచ్చాను. వచ్చేలోపు చెమటకి రెండు చెరిగిపోయాయి. మళ్ళీ వెళ్ళాను.

"ఏ వైపు తలుపు?"

"కుడి."

టకటకా కొట్టింది. "ఈ క్లిప్పు విడిగా రాదండీ. హ్యాండిల్ అసెంబ్లీ మొత్తం తీసుకోవాలి. నాలుగు వేల ఎనిమిది వందలు. డబ్బు ముందే కట్టాలి. రావడానికి పన్నెండు రోజులు."

"హ్యాండిల్ శుభ్రంగా ఉందండీ. పోయింది ఈ ముక్క ఒక్కటే."

"అర్థమైంది. విడిగా రాదు."

"మీ అసెంబ్లీలో ఈ ముక్క ఉంటుందిగా? అది ఊడదీసి నాకివ్వండి. మిగతాది మీరే ఉంచుకోండి."

"ఆ మిగతాది ఎవరు కొంటారు?"

వ్యాపారం చేసేవాడిగా నేనూ అదే అడిగి ఉండేవాణ్ణి. అందుకే కోపం రెట్టింపైంది. డబ్బు కట్టకుండా వచ్చేశాను.

పాత కార్లు విప్పి అమ్మే షెడ్లకి వెళ్ళాను. మూడు షెడ్లు తిరిగాను. మా మోడల్ కార్లు నాలుగు దొరికాయి. నాలుగింటిలోనూ విరిగింది ఆ క్లిప్పే. మా మెకానిక్ బాబాయ్ ఇనప తీగతో ఒక ఏర్పాటు చేశాడు. "ఇంక నీ మనవడి కాలం దాకా చూసుకోనక్కర్లేదు," అన్నాడు. వీధి మలుపు దాకా పనిచేసింది. తిరుగుళ్ళకి పెట్రోలు, బాబాయ్‌కి కూలీ, మూడు పూటలు మూసిన కొట్టు కలిపి చూసుకుంటే సగం హ్యాండిల్ ఖర్చు అప్పటికే అయిపోయింది. తల దించుకుని కౌంటర్ దగ్గరికి వెళ్ళి డబ్బు కట్టాను.

పన్నెండు రోజులన్నది పంతొమ్మిది రోజులైంది. పెట్టె విప్పి బాబాయ్ ఒక్కసారి చూసి, "ఇది అటు వైపుది," అన్నాడు.

అదే ఊపులో కౌంటర్ మీదికి వెళ్ళాను.

"కుడి వైపని చెప్తే ఎడమ వైపుది తెప్పించారు."

ఆమె పెట్టె మీద రాసి ఉన్నది చూసింది. "ఇది కుడిదే సార్. మీరు కార్లో కూర్చుని చెప్పారా, కారుకి ఎదురుగా నిలబడి చెప్పారా?"

"ఎదురుగా నిలబడి. నంబరు రాసుకున్నది అక్కడేగా."

"మా లెక్క కూర్చున్నవాళ్ళ వైపునుంచి. నిలబడినవాళ్ళది కాదు."

"ఆ ముక్క ఆరోజు చెప్పాల్సింది."

"చెప్పాల్సిందే. ఈ పని చేసేవాళ్ళందరికీ తెలిసిన సంగతి కదా అని మీకూ తెలుసనుకున్నాను. ఆ తప్పు నాది. కానీ ఆర్డర్ పెట్టి తెప్పించింది వాపసు తీసుకోరు."

"ఒక్క ముక్క విడిగా అమ్మితే మీ కంపెనీ మునిగిపోతుందా? కొనేవాడి అవసరం కాస్తయినా ఆలోచించరా? మీకు మనసనేది ఉందా?"

ఆమె సొరుగు లాగి ఒక అట్ట తీసి బల్ల మీద పెట్టింది. డజను గుండీల అట్ట. పదకొండు ఉన్నాయి. మూల మీద మా కొట్టు ముద్ర.

"ఆర్నెల్ల క్రితం ఉద్యోగంలో చేరిన రోజున ఈ కోటు గుండీ ఊడిపోయింది. ఒక్కటిమ్మని అడిగాను. తల కూడా ఎత్తకుండా మీరేమన్నారో గుర్తుందా?"

గుర్తులేదు. కానీ ఏమని ఉంటానో తెలుసు. ఎనిమిదేళ్ళుగా అందరితోనూ అదే అంటున్నాను.

"విడిగా రాదండీ," అంది ఆమె, అచ్చం నా గొంతుతో.

ఆమె కోటు వంక చూశాను. పైనుంచి మూడోది మా గుండీ. రంగు ఒక పిసరు తేడా. తలెత్తి చూసి ఉంటే అప్పుడే సరైనది ఇచ్చేవాణ్ణి.

కుడి హ్యాండిల్ చంకన పెట్టుకుని ఇంటికి వచ్చాను.

మర్నాడు కొట్టు ముందు బోర్డు పెట్టాను: గుండీ ఒక్కటైనా అమ్ముతాం. ఆ మధ్యాహ్నమే మళ్ళీ కౌంటర్‌కి వెళ్ళాను.

"మళ్ళీ ఏమైంది?"

"మీ దగ్గరున్న పదకొండు గుండీలూ వాపసు తీసుకోవడానికొచ్చాను."

"మా దగ్గర వాపసు లేదు. మీ దగ్గర ఉందా?"

"ఇవాళ్టినుంచి ఉంది."

"అక్కర్లేదు లెండి. మీమీద కోపం తగ్గినప్పుడల్లా చూసుకోవడానికి ఉంచుకుంటాను." ఈసారి నవ్వింది. "అసలా తలుపు ఎవరి కోసం ఇంత తొందర?"

నాన్నమ్మ గురించి, మోకాలు గురించి, గేర్ రాడ్ గురించి చెప్పాను. ఆమె నవ్వు ఆపేసింది. విరిగిన ముక్కలు ఉంచి వెళ్ళమంది.

తొమ్మిదో రోజున జోరున వాన. కొట్లో ఒక్కణ్ణే కూర్చుని ఉన్నాను. సగం తడిసి, సగం గొడుగుతో ఆమె వచ్చింది. అరచెయ్యి విప్పితే ఒక క్లిప్పు.

"ఇది వేరే మోడల్ వెనక తలుపుది. కొలత మాత్రం ఒకటే. దాన్ని విడిగా అమ్ముతారు. నలభై."

"ఎలా కనుక్కున్నారు?"

"భోజనం టైములో కేటలాగులో పార్టుల బొమ్మలన్నీ తిరగేశాను. నాలుగొందల పేజీలు."

"ఎనిమిది రోజులు భోజనం మానేశారా?"

"మానలేదు. చల్లారాక తిన్నాను. ఆ లెక్క కూడా మీ మీదే."

కొట్టు మూసి ఆమెని ఇంటికి తీసుకెళ్ళాను. బాబాయ్ వచ్చి పది నిమిషాల్లో బిగించాడు. నాన్నమ్మ కర్ర పట్టుకుని వచ్చి హ్యాండిల్ లాగింది. తలుపు తెరుచుకుంది. వేసింది, మళ్ళీ తెరిచింది, మళ్ళీ వేసింది. కళ్ళు తుడుచుకుంది. వాన చినుకులంది.

"నువ్వేనా తల్లీ ఇది తెచ్చింది? ఇంత వానలో ఎలా వెళ్తావు, మేం దింపుతాం. ముందు కూర్చో."

"అది మీ సీటు కదండీ."

"ఇన్నాళ్ళూ నాదే. ఇక నువ్వు కూర్చో. నేను వెనక కాళ్ళు చాపుకుంటాను. నాకెప్పటినుంచో కాళ్ళు చాపుకోవాలనే ఉంది."

ఆ ముక్క రెండు నెలల క్రితం అని ఉంటే నాకు నాలుగు వేల ఎనిమిది వందలు, మూడు షెడ్ల తిరుగుడు, బోలెడు తిట్లు మిగిలేవి. స్టీరింగ్ గట్టిగా పట్టుకున్నాను. పక్కన ఆమె అద్దం వైపు తిరిగి నవ్వు దాచుకుంటోంది.

రెండో మలుపు దగ్గర ధైర్యం చేశాను. "మిమ్మల్నొకటి అడగాలి. మీరు విడిగా దొరుకుతారా?"

ఆమెకి అర్థమవడానికి ఒక్క క్షణం పట్టింది.

"దొరకను. అమ్మ, అక్క, అల్లరి చేసే అక్క కూతురు, మొత్తం సెట్టు."

"నాకూ వెనక సీట్లో ఒకావిడ ఉంది. ఎన్ని రోజులు పడుతుంది?"

"పన్నెండు. ఆలోచించుకుని చెప్తాను. ఒకసారి తీసుకున్నాక వాపసు లేదు."

"ఒరేయ్," అంది వెనకనుంచి నాన్నమ్మ, "ఈసారైనా ఆర్డరు కూర్చుని పెట్టు. నిలబడి పెట్టకు."

పన్నెండన్నది ఐదు రోజుల్లోనే వచ్చింది. ఆ కంపెనీనుంచి నాకు గడువుకన్నా ముందు అందిన సరుకు ఇదొక్కటే.

ఇక ఆఖరి లెక్క. కుడి హ్యాండిల్ పెట్టెలోనే ఉంది. అడిగినవాళ్ళున్నారు, నేనే అమ్మలేదు. విడి గుండీల అమ్మకం డజన్ల అమ్మకాన్ని దాటిపోయింది. నాన్నమ్మకి ఆపరేషన్ తప్పింది, కాళ్ళు చాపుకునే సీటు దొరికింది. ఆ అట్ట మీది పన్నెండు గుండీల్లో ఒకటి ఆమె యూనిఫాం కోటుకి వెళ్ళింది, ఒకటి నా పెళ్ళి కోటుకి ఆమే కుట్టింది. పది మిగిలాయి.