పావు చుట్టు

నీళ్ళ ఒత్తిడి మీటరు మీద ముల్లు ఏడు దగ్గర నిలబడి ఉంది. డ్రెయిన్ కుళాయి తిప్పగానే సున్నాకి పడిపోయింది. మళ్ళీ లేవలేదు. బుస్సుమంటూ బకెట్‌లోకి దూకాల్సిన నీళ్ళు దారంలా కారుతున్నాయి.

నేలమాళిగలో ప్లంబరు వాచీ చూసుకున్నాడు. పదీ నలభై తొమ్మిది. సరిగ్గా పదకొండింటికి పైనున్న ఇన్‌డోర్ షూటింగ్ రేంజిలో మొదటి తూటా పేలుతుంది.

ప్లంబరు అన్నది అతని ఉద్యోగం కాదు, గూఢచారి శాఖలో అతనికి పడిన పేరు. ముప్పై ఏళ్ళుగా ఎక్కడికి పంపినా మంటలార్పే స్ప్రింక్లర్లు బిగించే ఫిట్టర్ వేషంలోనే పంపారు. నిప్పంటే అందరికీ భయమే కాబట్టి, నెత్తిన నీళ్ళ పైపులు చూసేవాణ్ణి ఏ గార్డూ ఆపడు. వేషం వేసీ వేసీ పని నిజంగానే వచ్చేసింది, మోకాళ్ళు నిజంగానే అరిగిపోయాయి. వచ్చే నెల రిటైర్‌మెంట్. ఇంట్లోవాళ్ళకి ఇప్పటికీ అతను ఫిట్టరే.

కూతురికి కూడా. ఆ కూతురు ఇప్పుడు పైన ఐదో లేన్‌లో తుపాకీ పట్టుకుని నిలబడి ఉంది. ఏదో కంపెనీలో ఉద్యోగమని ఇంట్లో చెప్పి, వచ్చి వచ్చి తండ్రి శాఖలోనే చేరింది. ఆ సంగతి తండ్రికి తెలుసు. తండ్రి సంగతి ఆమెకి తెలియదు.

నిన్నటి బ్రీఫింగ్ అయిదు నిమిషాల్లో ముగిసింది. కబురు తెచ్చింది నెమలి. అటు విదేశీ ముఠాకీ, ఇటు మన శాఖకీ పనిచేసే డబుల్ ఏజెంట్. ఆమె ఎటువైపు మనిషో ఆమె అద్దానికి కూడా తెలియదని క్యాంటీన్‌లో జోకు. కొత్త రిక్రూట్ల ప్రదర్శనలో రేంజి తగలబడుతుందనీ, ముఖ్య అతిథి ప్రాణాలతో బయటికి రాడనీ ఆమె కమిటీ ముందు చెప్పింది. ముఠాకి అమ్ముడుపోయిన మనవాళ్ళెవరో ఆ అతిథికి తెలుసు. ఆ జాబితా కాగితం మీద లేదు, అతని బుర్రలో ఉంది. ప్రదర్శన అయ్యాక చెబుతానన్నాడు.

కమిటీ మొత్తం శాఖాధిపతి పెద్దసారు వైపు చూసింది. పెద్దసారు ప్లంబరు భుజం మీద చెయ్యి వేశాడు. ఒకప్పుడు ఆ చెయ్యే ఇదే వేషంలో, ఇదే ప్లంబరు దగ్గర రెండేళ్ళు స్పానర్లు పట్టింది. మంచి శిష్యుడే, చేతికి కాస్త తొందరెక్కువ.

"ఇండికేటర్ చూడు, సంతకం పెట్టు, పైకొచ్చి టీ తాగు. ఈ వయసులో నీకు పాకడాలెందుకన్నా?" అన్నాడు.

ఆ మాటకి ప్లంబరు ప్రాణం లేచొచ్చినట్టయింది కూడా. ఇందాక వాల్వు మీది ఇండికేటర్ కిటికీలో 'ఓపెన్' అని పచ్చగా కనిపిస్తే పెన్ను తీశాడు. ఐదో లేన్ గుర్తొచ్చి మళ్ళీ జేబులో పెట్టి, డ్రెయిన్ తిప్పి చూశాడు.

ఇప్పుడు టార్చి వేస్తే ఇండికేటర్ మరల మీద కొత్త గీతలు మెరిశాయి. ఎవరో పలక ఊడదీసి తిప్పి బిగించారు. వాల్వు మూసి ఉంది, పైన స్ప్రింక్లర్లకి నీళ్ళు అందవు.

చెవిలోని వైర్‌లెస్ నొక్కాడు. అది ఒక్క పెద్దసారుకే వెళ్తుంది. ప్రదర్శన ఆపమన్నాడు. ఇండికేటర్ ఏమంటోందని పెద్దసారు అడిగాడు. ఓపెన్ అంటోందంటే, మరింకేం, కళ్ళు పోయాయా చెవులు పోయాయా అని నవ్వాడు. లైన్ తెగింది. వెనక తలుపు లాక్ దానంతటదే టక్‌మని పడింది.

అప్పుడు ప్లంబరుకి పొద్దున చూసిన రేంజి నేల గుర్తొచ్చింది. తూటా పేలిన ప్రతిసారీ కాలని తుపాకి మందు కాస్త నేలమీద రాలుతుంది. అందుకే రేంజిని తడిబట్టతో తప్ప తుడవరు. ఈ పొద్దున నేల పొడిగా ఉంది, చీపురు చారలున్నాయి. ఊడ్చిన మందంతా టార్గెట్ల వెనక తూటాలాపే రబ్బరు గుట్టలోకి చేరింది. గోడల నిండా శబ్దం పీల్చే స్పాంజి. బయటికి ఒకే తలుపు. తూటాల పెట్టెలో నిప్పంటించే తూటా ఒక్కటి కలిపితే చాలు.

వాల్వు చక్రం పట్టుకున్నాడు. పూర్తిగా తెరవాలంటే ఇరవై రెండు చుట్లు. మొదటి చుట్టుకే భుజం కలుక్కుమంది. ఆరో చుట్టుకి కళ్ళు బైర్లు కమ్మాయి. పదకొండో చుట్టు దగ్గర, ఇంకెవరైనా చేస్తే బాగుండునని మనసారా అనుకున్నాడు. ఇంకెవరూ లేరు. పదిహేడు. పైనుంచి షూటింగ్ నేర్పే మాస్టారి కేక వినిపించింది, షూటర్లు సిద్ధమని. ఇరవై. తుపాకులు ఒక్కసారిగా పేలాయి. వెంటనే ఇంకో చప్పుడు, గొంతులోనే ఆగిపోయిన ఉరుములాంటిది. ఇరవై ఒకటి. ఇంకాస్త తిప్పాడు. చక్రం ఆగిపోయింది.

పైపు ఒళ్ళంతా వణికింది. నీళ్ళు పైకి పరుగెత్తాయి.

ప్లంబరు చల్లటి పైపుకి నుదురు ఆనించాడు. అలవాటుగా చక్రాన్ని పావు చుట్టు వెనక్కి తిప్పాడు. తిప్పిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. తెరిచిన చుట్లు మళ్ళీ వేళ్ళ మీద లెక్కపెట్టాడు.

తలుపు తెరుచుకుంది. జడ క్లిప్పుతో లాక్ విప్పి నెమలి లోపలికొచ్చింది. చేతిలో పిస్టల్. పట్టుచీర నుంచి నీళ్ళు ధారలు కడుతున్నాయి, కాటుక గడ్డం దాకా జారింది. ప్లంబరు స్పానర్ ఎత్తి కోడ్ అడిగాడు.

"బయట ఎండగా ఉందా?"

"గొడుగు మర్చిపోయాను," అంది చీర చెంగు పిండుకుంటూ.

ఆ కోడ్ పుట్టాక మొదటిసారి ఎవరో దాన్ని నిజంగా అన్నట్టుంది. ప్లంబరు స్పానర్ దించాడు. ఐదో లేన్ అని మాత్రం అడగగలిగాడు.

"మంట కప్పు దాకా లేచింది, నీళ్ళొచ్చి నొక్కేశాయి. అందరూ బతికే ఉన్నారు. అతిథిని భుజాన వేసుకుని బయటికి తెచ్చింది ఐదో లేన్ అమ్మాయే. మొండిఘటం. ఎవరి పిల్లో."

ప్లంబరు మెట్టు మీద కూలబడ్డాడు.

నెమలి మెడ దగ్గరి చిన్న మైకు ఊడదీసి అతని ముందు పెట్టింది. ఈ రోజు ఆమె వేషం మాటలు అనువదించే దుబాసి. ఆ మైకులో మాట, రేంజి వెనక అద్దాల గదిలో ప్రదర్శన చూస్తూ కూర్చున్న పెద్దలందరి హెడ్‌ఫోన్లలో వినిపిస్తుంది. ఎర్ర దీపం వెలుగుతోంది. కంగారు పడొద్దని ఇప్పటిదాకా తానే చెబుతోంది కాబట్టి ఎవరూ చెవుల్లోంచి తియ్యలేదట. పెద్దసారు కూడా.

"వాల్వు మూసిందెవరు?"

"ఈ చక్రం ఇరవై రెండు చుట్లు," అన్నాడు ప్లంబరు మెల్లగా. "నాకు ఇరవై ఒకటీ ముప్పావే పట్టింది. అంటే మూసినవాడు మూశాక పావు చుట్టు వెనక్కి తిప్పాడు. తెరిచాక అలా తిప్పాలి, బిగుసుకుపోకుండా. మూశాక తిప్పితే కారుతుంది. ఫిట్టరన్నవాడెవడూ తిప్పడు. ఒక్కడు మాత్రం, ఎన్నిసార్లు తిట్టినా, రెండిటికీ తిప్పేవాడు. వాడికి పని నేర్పింది నేనే."

నెమలి మైకు ఇంకాస్త దగ్గరికి జరిపింది.

"మన పెద్దసారు," అన్నాడు. మైకు మీదికి వంగాడు. "తనిఖీ అయింది తమ్ముడూ. సంతకం నువ్వే పెట్టు."