పొడుగాటి సలాము

"ఏడు నిమిషాల నలభై సెకన్లు," అన్నాడతను, రుదైనా ఫోను పెట్టీ పెట్టకముందే. "అసలు సమస్య చెప్పింది ఆఖరి పన్నెండు సెకన్లలో. మిగతాదంతా ఎవరివో మోకాళ్ళ నొప్పులు."

రుదైనా తలెత్తి చూసింది. రాజధాని అమ్మాన్ నుంచి వచ్చిన కొత్త ఇంజనీరు, పేరు ముతసిమ్. చేతి గడియారం చూసుకుంటూ ఆమె బల్ల ముందే నిలబడ్డాడు.

"ఆ మోకాళ్ళు మా అబూ సనద్ బాబాయ్‌వి. మీకు బాబాయిలు లేరా?"

"ఉన్నారు. కానీ వాళ్ళు ప్రింటర్ కోసం ఫోన్ చేసి మా అమ్మ ఆరోగ్యం అడగరు."

"పాపం," అంది రుదైనా. జాలిపడింది ఎవరి మీదో మాత్రం చెప్పలేదు.

ఆ కొండల ఊరి మునిసిపాలిటీలో కంప్యూటర్ మొరాయించినా, పాస్‌వర్డ్ మరిచిపోయినా అందరూ ఆమెకే ఫోన్ చేసేవారు. ఆరేళ్ళుగా హెల్ప్ డెస్క్ అంటే రుదైనాయే. ఇకమీదట ఫోన్లు వద్దని, ఎవరి కష్టమైనా టికెట్‌గా రాసి పంపాలని మేయర్ హుకుం జారీ చేశాడు. ముతసిమ్ తెచ్చిన యంత్రం వాటిని చదివి, చేతనైతే తనే సర్దుతుంది, లేకపోతే తగినవాళ్ళకు పంపుతుంది. నెల రోజులు పరీక్ష. అది నెగ్గితే రుదైనా కాంట్రాక్టు అంతటితో సరి.

రోజుకి నలభైసార్లు మోగే ఫోను మొదటి వారం రోజుకి నాలుగుసార్లే మోగింది. మూడో వారానికి అదీ లేదు. మోగని ఫోను ముందు కూర్చుని రుదైనా మిగిలిన రోజులు లెక్కపెట్టుకునేది. నాన్న మందులకీ, తమ్ముడి చదువుకీ ఆ జీతమే ఆధారం.

ఇంత జరుగుతున్నా అతన్ని మనసారా తిట్టుకోలేకపోవడం ఇంకో బాధ. రోజూ పొద్దున్నే మరమియ్య అనే సువాసన ఆకు వేసిన టీ రెండు గ్లాసులు తెచ్చి, "మర్హబా" అని ఒక్క ముక్క అని, ఎదురుగా కూర్చునేవాడు. సలాములో కూడా పిసినారితనమేనా అని ఆమె దెప్పేది. అతను నవ్వేవాడు. ఆ నవ్వు చూశాక ఆమెకి మధ్యాహ్నం దాకా ఏ పనీ తోచేది కాదు.

నాలుగో వారం బుధవారం, ఒంటిగంటకి వాన మొదలైంది. మామూలు వాన కాదు, కొండ మీద నుంచి మట్టినీ రాళ్ళనూ ఈడ్చుకొచ్చే వాన. రుదైనాకి ఉన్నట్టుండి ఒకటి తట్టింది. అబూ సనద్ బజారు దగ్గరి అండర్‌పాస్‌లో నీళ్ళు తోడే పంపుల కాపలాదారు. మబ్బు పట్టిందంటే ఆయన ఫోన్ చెయ్యకుండా ఉండడు. ఇవాళ చెయ్యలేదు.

"ఆయన టికెట్ ఉందేమో చూడండి," అంది ముతసిమ్‌తో.

వెతికాడు. "పొద్దున్నే వచ్చింది. కృతజ్ఞతల ఉత్తరం అనుకుని యంత్రం మూసేసింది. అంతా క్షేమం అని రాశారు."

రుదైనా తెర తనవైపు తిప్పుకుంది. దేవుడి దయవల్ల అంతా క్షేమమని రాశాడు. మేయర్‌కి దీవెనలు, రుదైనా తల్లిదండ్రులకి సలాములు, ఆఫీసు సేవలకి ధన్యవాదాలు. మొత్తం పదకొండు లైన్లు. పన్నెండోది మాత్రం ఇలా ఉంది: మీకు శ్రమ కాకపోతేనే సుమా, పంపుల తెర నల్లగా అయిపోయింది, మీట నొక్కినా అవి కదలడం లేదు.

ఆమె గోడ గడియారం వైపు చూసింది.

"మావాళ్ళు కష్టం ఎంత పెద్దదైతే సలాము అంత పొడుగ్గా పెడతారు. పదకొండు లైన్లు నేనెప్పుడూ చూడలేదు. రెండింటికి స్కూల్ బస్సులు ఆ అండర్‌పాస్‌లోంచే పోతాయి."

అప్పుడు టైము ఒంటిగంట ఇరవై. ముతసిమ్ మొహం తెల్లగా పాలిపోయింది. గొడుగైనా తీసుకోకుండా అండర్‌పాస్ వైపు పరుగెత్తాడు.

రుదైనా బడికి ఫోన్ చేసి బస్సులు ఆపించింది. తర్వాత ముతసిమ్‌కి చేసింది. ఫోను కలవలేదు. అబూ సనద్‌కి చేసింది, అదీ అంతే. పంపుల గది అండర్‌పాస్ అడుగున ఉంది. నీళ్ళు ముందుగా చేరేది అక్కడికే. కిటికీలోంచి చూస్తే వీధి కనబడలేదు, వాన తప్ప. మళ్ళీ ఇద్దరికీ చేసింది. ఉద్యోగం పోతుందని నెలంతా నిద్రపట్టలేదు కదా, ఇప్పుడు ఆ ఉద్యోగం గుర్తే రాలేదు. అతను తిరిగొస్తే చాలు. రేపు పొద్దున్న ఆ ఒక్క ముక్క మర్హబా వినబడితే చాలు.

రెండు దాటి పది నిమిషాలకి ఫోను మోగింది. అబూ సనద్. రుదైనా కళ్ళు మూసుకుంది. సలాము మొదలై సాగిందంటే, సాగిన కొద్దీ కష్టం ఎంతటిదో తనకి తెలిసిపోతుంది.

"పంపులు తిరుగుతున్నాయి తల్లీ," అన్నాడాయన. "కుర్రాడు నడుందాకా నీళ్ళలో దిగాడు, బానే ఉన్నాడు."

ఆరేళ్ళలో ఆయన సలాము పెట్టకుండా మాట్లాడడం అదే మొదటిసారి. రుదైనా ఫోను ఒళ్ళో పెట్టుకుని ఏడ్చేసింది.

గురువారం ముతసిమ్ మేయర్ దగ్గరికెళ్ళి తప్పు తనదేనని ఒప్పుకున్నాడు. ఇకనుంచి యంత్రం పాస్‌వర్డ్‌ల వంటి చిల్లర పనులే చూస్తుంది. సలాము నాలుగు లైన్లు దాటిన టికెట్ ఎర్రరంగులో నేరుగా రుదైనా తెర మీదకే వస్తుంది. దాంతో ఆమె కాంట్రాక్టు మరో రెండేళ్ళు పొడిగించారు. ముతసిమ్ పని అయిపోయింది, రేపే ప్రయాణమని ఎవరో అన్నారు. ఆ రోజు అతను టీ కూడా తేలేదు.

మూడింటికి సంచీ సర్దుకుంటుంటే తెర మీద ఎర్రగా ఒక టికెట్ మెరిసింది. పంపింది ముతసిమ్.

సంచీ పక్కన పెట్టి చదవడం మొదలుపెట్టింది. ఆమె క్షేమం అడిగాడు. అమ్మగారి క్షేమం, నాన్నగారి ఆయాసం, తమ్ముడి పరీక్షలు, అబూ సనద్ బాబాయ్ మోకాళ్ళు, విడివిడిగా కుడిదీ ఎడమదీ. లైన్లు లెక్కపెడుతుంటే భయం పెరిగిపోయింది. పద్నాలుగు. పదిహేడు. ఇరవై రెండు. మనిషికి ఏం ముంచుకొచ్చిందో అనుకుంది.

ఆఖరి లైను: మీకు శ్రమ కాకపోతేనే సుమా, రేపు అమ్మాన్ బస్సెక్కాలి, మిమ్మల్ని వదిలి నా కాళ్ళు కదలడం లేదు.

రుదైనా ఆ లైను మళ్ళీ చదివింది. తర్వాత జవాబు రాసింది, సలాము లేకుండా.

"రేపు బస్సెక్కు. పై శుక్రవారం మీ అమ్మా నాన్నల్ని వెంటబెట్టుకుని రా. కాఫీ చల్లారేలోపే మా నాన్న చేత సరే అనిపించే పూచీ నాది."

సమస్య తీరిందా, టికెట్ మూసేయమంటారా అని యంత్రం అడిగింది. ఆమె వద్దని నొక్కింది.